తెగుళ్లలో మా వాటా

సెప్టెంబర్ 14, 2011. బుధవారం

అన్యాయం జరిగింది. చేసినవాళ్లు వరి మీద పరిశోధన చేసే పెద్ద సార్లు. జరిగింది మా బాపు వడ్లకు.

పొద్దున రైతుల సొసైటీ గోడ మీద తాజుద్దీన్ పట్టిక రాస్తుంటే నిలబడి చూశాను. మా ఊళ్లో ఏ గోడ మీద ఏ అక్షరం కనబడ్డా అది తాజుద్దీన్ కుంచెదే. దుకాణం బోర్డు రాసినా, ‘జై తెలంగాణ’ రాసినా ఒకే రంగు, ఒకే వంకర. ఇవాళ రాస్తున్నది వచ్చే యాసంగికి, అంటే రబీకి, విత్తనాల పట్టిక. పై నుంచి వచ్చిన కరపత్రం ఒక చేత్తో పట్టుకుని చూసి రాస్తున్నాడు. ఒక వైపు వరి రకం పేరు, దాని ఎదురుగా అగ్గితెగులు స్కోరు. కోస్తా నుంచి వచ్చిన కోనసిరికి తొమ్మిది. మా ఎర్రమల్లెకు ఒకటి.

ఒకటి.

ఇంటర్ లెక్కల్లో నాకే పదకొండు వచ్చాయి.

ఎర్రమల్లెను ఈ చుట్టుపక్కల విత్తనానికని పండించేది మా బాపు ఒక్కడే. కట్టయ్య వడ్లు అంటే గంగారం నుంచి వస్తారు, అటు మొగుళ్లపల్లి నుంచి కూడా వస్తారు. ఈ ఏడే మొదటిసారి దాని పేరు సొసైటీ గోడ ఎక్కింది. వచ్చే నెల పదో తారీఖు, సోమవారం, రైతులంతా వచ్చి ఎవరికి ఏ రకం కావాలో పేరు రాయించుకుంటారు. ఎర్రమల్లెకు పేర్లు పడితే బాపు పంట విత్తనంగా పోతుంది. పడకపోతే మిల్లుకు పోతుంది. మిల్లుకు పోతే ఇక ఆ రకమే మానేసి కోనసిరి వేస్తానని బాపు ముందే చెప్పాడు. “నలుగురు వద్దన్న వడ్లను నేనొక్కణ్ని ఎన్నొద్దులు మోస్తరా” అన్నాడు.

ఒక్క మార్కు వచ్చిన వడ్లను ఎవడు కొంటాడు?

తాజుద్దీన్‌ను నిలదీశాను.

“గీ ఒకటి ఎవడేసిండురా?”

“నాకేం ఎరుక. కాయితం మీద ఒకటుంది, ఒకటి రాసిన.”

“రాసేటప్పుడు నీ చెయ్యి ఆగలేదా?”

“ఆగలే. ఒకటి రాసుడు అల్కగ ఉంటది. తొమ్మిదికే సున్న తిప్పాలె, తోక పెట్టాలె. రంగు దండుగ.”

దోస్తు అయినా చెప్పక తప్పదు. తాజుద్దీన్‌లో కళ ఉంది, చైతన్యం లేదు.

కరపత్రం కింద చిన్న అక్షరాల్లో రెండు వరుసలేవో ఉన్నాయి. చదవలేదు. చిన్న అక్షరాలు పాలకులవి. జనగామ బస్టాండు దగ్గర నేను కొన్న చిన్న పుస్తకాలన్నీ పెద్ద అక్షరాల్లోనే ఉన్నాయి.

సెప్టెంబర్ 15

కరపత్రం రాశాను. ఒక్క ఊపులో వచ్చింది.

‘నీళ్లలో అన్యాయం. నిధుల్లో అన్యాయం. కొలువుల్లో అన్యాయం. ఆఖరికి తెగుళ్లలో కూడా అన్యాయమేనా? కోనసిరికి అగ్గితెగులు తొమ్మిదా? మన ఎర్రమల్లెకు ఒకటా? ఎవని తెగులు ఎవడు తింటున్నాడు? తెగుళ్లలో మా వాటా మాకు కావాలి.’

రెండుసార్లు చదువుకున్నాను. అమ్మకు చదివి వినిపించాను.

“తెగులుల వాటా ఎవలన్న అడుగుతరా కొడుకా?” అంది.

“అమ్మా, ఇది సిద్ధాంతం.”

“సిద్ధాంతమైతే సరె. బర్రెకు జర కుడితి పెట్టి పో.”

పెట్టాను. ఉద్యమకారుడికి శ్రమ పట్ల గౌరవం ఉండాలి.

సెప్టెంబర్ 16

తొర్రూరు పోయాను. వ్యవసాయాధికారి రాజేందర్ సార్‌ను అడుగుదామని. ఆఫీసుకు తాళం ఉంది. సకల జనుల సమ్మె మొదలై నాలుగో రోజు, తాళం ఉండాల్సిందే. సంతోషించాను. సార్ రోడ్డు పక్క సమ్మె టెంటులో ఉన్నాడు.

టెంటులోకి పోయేసరికి ఏం చూశాను? ఒక ముసలమ్మ వరి ఆకు తెచ్చి చూపిస్తుంటే సార్ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసి, ఏ మందు కొట్టాలో చెప్తున్నాడు. సమ్మెలో ఉండి డ్యూటీ చేస్తున్నాడు. పట్టపగలు.

నేను ఊరుకోలేదు. మైకు తీసుకుని చెప్పేశాను. పెన్ డౌన్ అంటే కలం ఒక్కటే కాదు, కళ్లద్దాలు కూడా దించాలని చెప్పాను. సమ్మె కమిటీ పెద్ద యాసిన్ సార్ తహసీలు ఆఫీసులో పనిచేస్తాడు, చాలా నియమం మనిషి. ఆయన లేచి, తమ్ముడు చెప్పింది నిజమే, ఇకనుంచి ఎవరు డ్యూటీ మాట మాట్లాడినా మైకులో ఒక పాట పాడాలని తీర్పు చెప్పాడు.

రాజేందర్ సార్ పాడాడు. ఆయన పాడుతుంటే ఎదురు టెంటు వాళ్లు కూడా వచ్చి, ఇక చాలని ఆపించారు.

గర్వంగా ఇంటికి వచ్చాను. వచ్చాక గుర్తొచ్చింది, నా సంగతి అడగలేదు.

సెప్టెంబర్ 20

మళ్లీ తొర్రూరు. బస్సులు బందయ్యాయి, ట్రాక్టర్ మీద పోయాను. రాజేందర్ సార్ టెంటులో మూలకు కూర్చుని పల్లీలు తింటున్నాడు. పక్కన కూర్చుని అడిగాను.

“సార్, ఎర్రమల్లెకు అగ్గితెగులు ఒకటే ఎందుకు?”

సార్ నోరు తెరిచాడు. యాసిన్ సార్ దగ్గాడు. సార్ నోరు మూశాడు.

“డ్యూటీ మాట” అన్నాడు యాసిన్ సార్.

“ఒక్క ముక్క యాసిన్ భాయ్. పిలగాడు పొరపాటు పడ్డట్టుండు.”

“ముక్కైనా పాటే సార్.”

టెంటంతా వద్దు వద్దని చేతులూపింది. రాజేందర్ సార్ కాసేపు నా ముఖం చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. నోరు విప్పకుండా ఒక వేలు ఎత్తి చూపించాడు. నిటారుగా నిలబడి, రెండు చేతులు చాచి, నవ్వుతూ అటూ ఇటూ హాయిగా ఊగాడు. తర్వాత తొమ్మిది వేళ్లు చూపించాడు. దగ్గాడు. ఒళ్లంతా గోక్కున్నాడు. గిరగిరా తిరిగి జంపఖానా మీద దబ్బున పడి, నాలుక బయటపెట్టి, కదలకుండా ఉండిపోయాడు.

డప్పులు మోగాయి. జనం చప్పట్లు కొట్టారు. “సారు గింత కళాకారుడని ఇన్నొద్దులు తెల్వకపాయె” అని ఎవరో అన్నారు. ఉద్యమ ఆటపాటల ధూంధాంలో ఈ ఐటం పెట్టాలని యాసిన్ సార్ అక్కడికక్కడే ప్రకటించాడు.

నాకు మాత్రం అర్థమైంది. ఒకటి వచ్చిన వరికి గింజ ఉండదు, బరువు ఉండదు, గాలికి ఊగుతూ నిలబడుతుంది. తొమ్మిది వచ్చిన వరి గింజ బరువుకు నేలకు ఒరుగుతుంది. అంటే సమ్మె టెంటులో కూర్చుని కోనసిరిని పొగుడుతున్నాడు.

నాలుక ఎందుకు బయటపెట్టాడో తెలియలేదు. పల్లీలు తింటే దాహం వేస్తుంది.

సెప్టెంబర్ 21

ఇక వినతులు చాలు.

సెప్టెంబర్ 24. శనివారం

ఈ రోజు చరిత్రలో ఉంటుంది.

పొద్దున డప్పులతో ఊరేగింపు తీశాం. కాలేజీ బందై ఖాళీగా ఉన్న పిల్లలు, యువజన సంఘం, భజన మండలి అందరూ వచ్చారు. పొలం పనులకు పోయేవాళ్లు మాత్రం ఎవరూ రాలేదు. చైతన్యవంతులే వచ్చాం. ‘అగ్గితెగులు తొమ్మిది, మా హక్కు తొమ్మిది’ అని అరుస్తూ సొసైటీ దాకా నడిచాం.

సొసైటీ సెక్రటరీ జైపాల్ చేతులు అడ్డం పెట్టాడు.

“నా చేతుల ఏం లేదు భూపాల్. పైకెళ్లి వచ్చిన అంకె అది.”

“పైకెళ్లి వచ్చినదాన్ని కిందికెళ్లి మారుస్తం.”

ఈ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. డప్పు ఆగలేదు. జైపాల్‌కు అన్నం వేళ అవుతోంది. ఒప్పుకున్నాడు. నేను అక్కడితో వదలలేదు, తీర్మానం రాయించాను. జనం వచ్చి మార్చిన అంకెను మళ్లీ అంతమంది జనం వచ్చి అడిగితే తప్ప ఎవరూ మార్చరాదని. రేపు ఏ పెద్ద సారో వచ్చి మళ్లీ ఒకటి చేస్తే? ముందుచూపు ఉండాలి.

తాజుద్దీన్ నిచ్చెన ఎక్కాడు. ఎర్రమల్లె పక్కన ఒకటిని సున్నంతో కొట్టేసి తొమ్మిది రాశాడు. ఈసారి సున్న బాగా తిప్పాడు, తోకకు వంపు కూడా పెట్టాడు. తర్వాత పై నుంచే అడిగాడు.

“మరి కోనసిరి తొమ్మిదిని గట్లనే ఉంచాల్నా?”

“ఉంచితే ఇద్దరికి సమానమైతది.”

“సమానం కోసమేగద మనం కొట్లాడింది.”

ఆలోచించాను. ఇన్నేళ్లు వాళ్లు తొమ్మిది అనుభవించారు. “దానికి ఒకటి పెట్టు” అన్నాను. జనం ఈలలు వేశారు.

బెల్లం పంచాం. బాపు పొలం నుంచి వస్తుంటే ఎదురుపోయి ఆయన చేతిలో ఒక ముక్క పెట్టాను.

“ఏందిరా గిది?”

“నీ వడ్లకు న్యాయం జరిగింది బాపు.”

“మంచిది” అని నోట్లో వేసుకుని పోయాడు. బాపు ఎక్కువ మాట్లాడడు. లోపల పొంగిపోయి ఉంటాడు.

సెప్టెంబర్ 27

మొగుళ్లపల్లి నుంచి వీరస్వామి వచ్చాడు. ఏటా బాపు దగ్గర విత్తనం తీసుకునే మనిషి. బస్సుల్లేవని అంత దూరం మోటారు సైకిల్ మీద వచ్చాడు. సొసైటీ గోడ చూసి, మా ఇంటికి వచ్చి, అరుగు మీద బాపు పక్కన కూర్చున్నాడు. చాయ్ తాగాడు. పోతూ పోతూ బాపు భుజం మీద చెయ్యి వేసి, “ఏం జేస్తం కట్టయ్యా. మన చేతుల ఉన్నదా” అన్నాడు.

విత్తనం మాట ఎత్తలేదు. ఆయన ఇంట్లో ఎవరికో బాగా లేనట్టుంది. అడగలేదు, బాధ పెట్టినట్టవుతుందని.

సెప్టెంబర్ 29

గంగారం నుంచి మంగ్యా అన్న ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల తండాలో పోయిన యాసంగికి వేసినదంతా అగ్గితెగులుకే పోయింది. అందుకే ఈసారి ఎర్రమల్లె అనుకుంటున్నాడని బాపు చెప్పాడు. వాకిట్లోకి వచ్చి కూడా మంగ్యా అన్న కూర్చోలేదు.

“కాకా, తొమ్మిదట గదా.”

“ఏంది తొమ్మిది?” అన్నాడు బాపు.

నేను లోపలి నుంచి గబగబా వచ్చాను. “అవునన్నా, తొమ్మిది. మేమే తెచ్చినం.”

“మీరే తెచ్చిండ్రా? యాడికెళ్లి?”

“కొట్లాడి తెచ్చినం.”

మంగ్యా అన్న నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. “రోగాన్ని కొట్లాడి తెచ్చుకుంటరా తమ్మీ? మా దిక్కు పిలవకుంటనే వస్తది” అన్నాడు. పక్కనున్న ఇద్దరితో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ముగ్గురూ తల అడ్డంగా ఊపుకుంటూ పోయారు. పోయేటప్పుడు ఒకడు మా బర్రె వైపు కూడా జాలిగా చూశాడు.

రోగమేమిటి? మంగ్యా అన్న సభలకు రాడు కదా, అందుకని.

బాపు మాత్రం చెప్పులేసుకుని సొసైటీ వైపు పోయాడు.

సెప్టెంబర్ 30

బాపు రాత్రి అన్నం తినలేదట. వేడి చేసిందేమో.

అక్టోబర్ 2. ఆదివారం

తొర్రూరులో రోడ్డు మీద వంటావార్పు. అటు బస్సు లేదు ఇటు లారీ లేదు, రోడ్డు మధ్యలో పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగలు. రాజేందర్ సార్ కిచిడీ కలుపుతున్నాడు. నన్ను చూడగానే గరిటె ఇంకొకరికిచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“దొరికినవ్ తమ్మీ. యాసిన్ భాయ్, జర ఇటు రా. ఇయ్యాల ఆదివారం. సమ్మె లేకున్నా నాకు డ్యూటీ లేని దినం. నేను మాట్లాడితే డ్యూటీ మాట ఎట్లయితది?”

యాసిన్ సార్ ఉల్లిగడ్డ కోయడం ఆపి ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ఉల్లిగడ్డ వల్లే అనుకుంటా.

“డ్యూటీ లేనోడు ఏం చెప్పినా అది ముచ్చటనే. చెప్పుకో” అన్నాడు.

సార్ జేబులోంచి రెండు వరి ఆకులు తీశాడు. ఎన్ని రోజులుగా జేబులో ఉన్నాయో, ముడుచుకుపోయాయి.

“ఇది సూడు. సూదిమొన పెట్టి గుచ్చినట్టు ఒకటి రెండు చుక్కలు. దీనికి ఒకటి. ఇప్పుడు ఇది సూడు. కండ్లలెక్క మచ్చలు లేసి, ఒకదాంట్ల ఒకటి కలిసి, ముప్పావు ఆకు కాలింది. దీనికి తొమ్మిది. ఎంత కాలితే అంత అంకె. అది నీ వరికి వేసిన మార్కు కాదు, రోగానికి వేసిన మార్కు.”

“ఎక్కువ మార్కులు వస్తే మంచిది గద సార్?”

“నీకు జ్వరం నూటనాలుగు వస్తే బెల్లం పంచుతవా?”

బెల్లం సంగతి ఆయనకు ఎవరు చెప్పారో.

“ఇంకోటి యాదిలుంచుకో. ఒకటి వచ్చింది గదా అని నిమ్మళంగ పండుకునుడు కాదు. యూరియా గుప్పిండ్రనుకో, మబ్బుపట్టి పొద్దుమాపు మంచు కురిసిందనుకో, ఒకటి కూడ మూడైతది, ఐదైతది. మల్ల అగ్గితెగులుకు ఒకటి వచ్చినంత మాత్రాన అన్ని రోగాలకు గట్టిదని కాదు, ఎండాకు తెగులుకు వేరే లెక్క. కానీ అగ్గితెగులు కాడ ఈ జాగల ఎర్రమల్లె అంత గట్టి రకం లేదు. మీ బాపు అదృష్టవంతుడు.”

“గీ సంగతి అప్పుడే ఎందుకు చెప్పలే సార్?”

“చెప్పబోతే పాట అంటిరి. పడి చూపించిన. సప్పట్లు కొడితిరి.”

కిచిడీ పెట్టారు. పక్కవాడికిచ్చి లేచాను.

అదే రోజు

తాజుద్దీన్ దగ్గరున్న విత్తనాల కరపత్రం కింద చిన్న అక్షరాలు చదివాను. ‘సున్నా నుంచి తొమ్మిది వరకు. అంకె పెరిగిన కొద్దీ తెగులు తీవ్రత ఎక్కువ.’ అంతే. అంత చిన్నగా కూడా లేవు.

అక్టోబర్ 3

రాయడానికి ఏమీ లేదు.

అక్టోబర్ 4

ప్రశాంతంగా ఆలోచిస్తే తప్పు స్కేలుదే. మంచిదానికి పెద్ద అంకె ఇవ్వాలి, చెడ్డదానికి చిన్న అంకె ఇవ్వాలి. ప్రపంచంలో ఏ బడిపిల్లవాడిని అడిగినా ఇదే చెప్తాడు. తెలంగాణ వచ్చిన మొదటి రోజే ఈ స్కేలును తలకిందులు చేయాలి. దీని మీద ఒక కరపత్రం రాయాలి.

రాయలేదు.

అక్టోబర్ 5

జైపాల్ దగ్గరికి పోయాను. పక్కకు పిలిచి, ఎర్రమల్లెకు మళ్లీ ఒకటి పెట్టిద్దామని మెల్లగా చెప్పాను. జైపాల్ కూడా మెల్లగా బీరువా తెరిచి తీర్మానం బయటికి తీశాడు.

“జనం రావాలె. గట్లనే రాసినవ్ గదా.”

“నేనే గదా రాసింది, నేనే కొట్టేస్త.”

“నువ్వు జనానివా?”

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఇంత సూటి ప్రశ్న అడగలేదు.

తాజుద్దీన్ దగ్గరికి పోయాను. ఎవరూ లేనప్పుడు కుంచెతో ఒక్క గీత గీసి పొమ్మన్నాను. అతను ఒప్పుకోలేదు.

“అందరు సూడంగ రాసిన భూపాల్. మారిస్తె అందరు సూడంగ మారుస్త. చాటుకు మారిస్తె రేపు నేను రాసిన బోర్డు ఏదీ ఎవడూ నమ్మడు. పోయిన్నెల దవాఖానకు కూడ బాణం గుర్తు పెట్టిన.”

“పదో తారీఖు పేర్లు రాసుకుంటర్రా. అందరు ఒకటి సూసి కోనసిరి రాయించుకుంటరు. అగ్గితెగులు వస్తె తండా మొత్తం మునుగుతది.”

“అయితె జనాన్ని తీసుకరా. నిచ్చెన నేను తెస్త.”

అక్టోబర్ 6. దసరా

జమ్మి ఆకు పెట్టి బాపు కాళ్లు మొక్కాను. నెత్తి మీద చెయ్యి పెట్టి “చల్లగుండు బిడ్డా” అన్నాడు. తిట్టినా బాగుండేది.

అక్టోబర్ 8

బాపు మిల్లుకు కబురు పంపాడట. కోత కాగానే ట్రాక్టర్ తెమ్మని. అమ్మ చెప్పింది. చెప్పి, నా ముఖం చూసి, “నీకేమన్న తెలుసా కొడుకా” అంది. తెలియదన్నాను.

ఇంట్లో ఉండలేక పొలం పోయాను. బాపు గెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇటు పక్క మా ఎర్రమల్లె, ఆకుపచ్చగా, కంకి బంగారు రంగుకు తిరుగుతూ. అటు పక్క చిన్నాయిన వేసిన కోనసిరి. ఎవరో నిప్పు పెట్టి మధ్యలో మనసు మార్చుకుని ఆర్పేసినట్టు ఉంది. రెండింటికీ మధ్యలో ఒక్క గెట్టే. ఇన్ని రోజులూ నేను ఇటు రాలేదు. ఉద్యమంలో తీరిక దొరకదు.

చెప్పేశాను. ఒకటి, తొమ్మిది, చిన్న అక్షరాలు, రాజేందర్ సార్ పడిపోవడం, అన్నీ. బాపు గెట్టు మీది గడ్డి పీకుతూ విన్నాడు.

“అంటే నువ్వు డప్పులు పెట్టి, ఊరంత తిరిగి, మంచిగున్న నా పంటకు రోగం అంటగట్టినవ్.”

“అంటగట్టలే బాపు, గోడ మీద రాసినం.”

“గోడ మీద రాస్తె అంటినట్టే. వీరస్వామి నన్ను పరామర్శ చేసి పాయె. నేనేమో వాని ఇంట్ల ఎవలో పోయిండ్రేమో అనుకొని నేనే వాన్ని ఓదార్చి తోలిచ్చిన.”

నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను. బాపు ఆపుకోలేదు. నవ్వుతూ నవ్వుతూ దగ్గు వచ్చి, వీపు నిమరాల్సి వచ్చింది.

“మరి ఇప్పుడేం జేస్తవ్?” అన్నాడు కళ్లు తుడుచుకుని.

“ఇంకో పోరాటం చేస్త.”

“నీకు వేరే పని రాదు గదా” అన్నాడు. లేచి పైపంచె దులిపి, “మిల్లోనికి సోమారం పొద్దుగూకే దాక ఆగుమని చెప్త. ఎల్లుండి పేర్లు పడితె పడుతయ్, లేకుంటె ట్రాక్టర్ వస్తది. గంతే” అన్నాడు.

ఒక్క రోజు ఉంది.

అక్టోబర్ 9. ఆదివారం

పొద్దున్నుంచి కరపత్రం రాస్తున్నాను. మొదటి దానికి ఒక్క ఊపు సరిపోయింది, దీనికి నాలుగు కాగితాలు చించాను. తాజుద్దీన్ పక్కన కూర్చుని కుంచెలు కడుగుతూ వింటున్నాడు.

“‘కొందరు ఆవేశపరుల పొరపాటు వల్ల’ అని మొదలుపెడదామా?” అన్నాను.

“కొందరంటె ఎవలెవలు?”

“నేను.”

“ఇంకా?”

“నేనే.”

“ఒక్కడు కొందరు ఎట్లయితడు?”

“గౌరవానికి అన్నరా.”

“నిచ్చెన ఎక్కింది నేను గాబట్టి సగం నాకు రాయి. మిగిలిన సగానికి నీ పేరు రాయి. గౌరవం తర్వాత సూద్దాం.”

మధ్యాహ్నం అంతా తిరిగాం. తక్కువ మార్కుల కోసం ఊరేగింపు అంటే యువజన సంఘం వాళ్లు నా నుదురు పట్టుకుని చూశారు. అర్థమయ్యేలా చెప్పేసరికి పొద్దు వాలింది. ఒకడైతే, తొమ్మిది నుంచి ఒకటికి ఒకేసారి దిగడం అవమానం, ముందు ఐదు అడుగుదామన్నాడు. భజన మండలి వస్తామంది, కానీ పాత నినాదమే నోటికి పట్టిందట. తొర్రూరు పోయి యాసిన్ సార్‌ను కలిశాను. టెంటంతా వస్తుంది, అయితే రేపు సోమవారం కాబట్టి రాజేందర్ సార్ నోరు విప్పడానికి వీల్లేదన్నాడు. సార్ పక్కనే కూర్చుని, పరవాలేదన్నట్టు జంపఖానా దులుపుతున్నాడు. మంగ్యా అన్నకు ఫోన్ చేశాను. అంతా విని, “మల్ల ఏ రోగం తెస్తవో సూడనీకైనా వస్త” అన్నాడు. వీరస్వామి ఫోన్ కలవలేదు. ఆయనకు మోటారు సైకిల్ మీద మనిషి పోయాడు.

ఎంతమంది వస్తారో తెలియదు. తెల్లారేలోపు ఇది ఇంటింటికీ పోవాలి కాబట్టి ఇక్కడ ఒకసారి శుభ్రంగా రాసుకుంటున్నాను.

‘రైతులకు, అక్కలకు, అన్నలకు.

మన ఎర్రమల్లె వరికి అగ్గితెగులు స్కోరు ఒకటి. అది మంచి రకమని అర్థం. దాన్ని తొమ్మిది చేసింది కట్టయ్య కొడుకు భూపాల్, నిచ్చెన ఎక్కింది తాజుద్దీన్. కోనసిరి తొమ్మిదిని ఒకటి చేసింది కూడా వీళ్లే. గోడ చూసి ఎవరూ పేరు రాయించుకోవద్దు. తొమ్మిది మాకు వద్దు. ఒక్కటే కావాలి.

జనం వస్తేనే అంకె మారుతుందని తీర్మానం ఉంది. అందుకని రేపు సొసైటీలో పది గంటలకు పేర్లు మొదలుకాక ముందే అందరూ రావాలి. జెండాలు వద్దు. ఒక్కొక్కరు ఒక చేత ఎర్రమల్లె ఆకు, ఇంకో చేత కోనసిరి ఆకు పట్టుకుని సొసైటీ గోడ దాకా నడుద్దాం. చదువు రానివాళ్లు ముందు నడవాలి, వాళ్లు చిన్న అక్షరాల జోలికి పోరు, ఆకునే చూస్తారు. కోనసిరి ఆకు ఎంతైనా తెంపుకోమని చిన్నాయిన చెప్పాడు. ఎర్రమల్లె ఆకు మాత్రం మనిషికి ఒక్కటే.

మనం తొమ్మిది అనగానే రాజేందర్ సార్ కింద పడతారు. దయచేసి చప్పట్లు కొట్టవద్దు.

సోమవారం పొద్దున ఏడు గంటలకు. కట్టయ్య పొలం దగ్గర.’

ఇది చదివి వినిపిస్తే బాపు ఒక్క మాట కలపమన్నాడు. కలుపుతున్నాను.

‘పొలంలో దిగవద్దు. గెట్టు మీదనే నిలబడాలి. ఏడు గంటలకు.’